కోత మిషను బాగోగులు: ముందు పొట్టు చూడండి

మాది జంగారెడ్డిగూడెం వైపు కట్టెల అడితి. సంక్రాంతి దాటి పొగాకు బ్యారన్లు (ఆకుని పొయ్యి వేడికి ఆరబెట్టే గదులు) వెలిగాయంటే ఇక మాకు పగలూ రాత్రీ తేడా ఉండదు, ఎందుకంటే బ్యారన్‌లోకి ఆకు ఎక్కించాక దాదాపు వారం పాటు పొయ్యి ఆరడానికి వీల్లేదు, కట్టె తగ్గిందంటే రైతు తెల్లవారుజామున నాలుగింటికే ఫోన్ చేసి తిడతాడు, తిట్టడంలో తప్పు కూడా లేదు. అలాంటప్పుడు చైన్ సా మొండికేస్తే ఎంత టెన్షనో పడ్డవాళ్లకే తెలుస్తుంది. పదేళ్లలో మూడు మిషన్లు పాడుచేశాను. ఇప్పుడు వాడుతున్న నాలుగోది ఐదో సీజన్ చూస్తోంది. సాయంత్రం మిషను ముందు అరగంట కూర్చోవడం అలవాటయ్యాక కొన్నది అదొక్కటే.

మా వైపు ఎక్కువమంది చేతుల్లో ఉండేది 58 సీసీ పెట్రోలు మిషను, 22 అంగుళాల బారు, అంటే చైను చుట్టూ తిరిగే పొడవాటి ఇనుప పలక. నేను చెప్పే కొలతలు దానికి. మీది వేరే సైజైతే బారు మొదట్లో చెక్కి ఉండే అంకెలు, మిషనుతో వచ్చిన పుస్తకం చూసుకోండి. పుస్తకం ఎవరూ దాచుకోరని తెలుసు, కనీసం ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి.

నాకు ఈ పని నేర్పింది మా బాబాయి. మిషను కొయ్యట్లేదని ఆయన దగ్గరికి పట్టుకెళ్తే ఇంజను వైపు చూసేవాడే కాదు. "పొట్టు తేరా" అనేవాడు. గుప్పెడు పొట్టు తెచ్చి అరచేతిలో పోస్తే రెండు వేళ్లతో నలిపి చూసి జబ్బేంటో చెప్పేవాడు. పదునున్న చైను చెక్కని తునకలు తునకలుగా పెరుకుతుంది, అవి చేతికి గరుగ్గా తగులుతాయి, బియ్యం నూకకంటే పెద్దవిగానే ఉంటాయి. మొద్దుబారిన చైను కొయ్యదు, రుద్దుతుంది. అందుకే పిండి రాలుతుంది. పచ్చి సుబాబుల్ కోస్తుంటే కూడా పిండి రాలుతోందంటే అక్కడికక్కడ మిషను ఆపి ఆకురాయి తియ్యాల్సిందే. బాగా ఎండిన సర్కారు తుమ్మకి మాత్రం కొంచెం మినహాయింపు ఇవ్వండి, ఎంత పదునుగా ఉన్నా అది కాస్త సన్నగానే రాలుతుంది.

చైను మొద్దుబారితే కోత ఆలస్యమవుతుంది, అంతే కదా అని నేనూ అనుకునేవాణ్ణి. అక్కడితో ఆగదు. చైను దిగకపోతే మన చెయ్యి ఊరుకోదు, మిషన్ని కిందికి నొక్కుతాం. నొక్కేసరికి బారు అంచులు అరుగుతాయి, రాపిడికి చైను కాలి సాగుతుంది, క్లచ్ జారి వేడెక్కుతుంది, ఇంజను ఫుల్ రేసులో ఉండి కూడా తిరగలేక ఉడికిపోతుంది, పైగా ఆ పిండి పొట్టంతా గాలితోపాటు ఫిల్టర్లోకి పోతుంది. ఇవన్నీ విడివిడి రిపేర్లుగా మెకానిక్ బిల్లులో కనిపిస్తాయి. రోగం ఒక్కటే. పదునున్న చైనుకి మిషను బరువే చాలు, దానంతటదే దిగుతుంది.

కాబట్టి ముందు సాన సంగతి. 58 సీసీ మిషన్లకి ఎక్కువగా వచ్చే .325 పిచ్ (లింకుల ఎడాన్ని చెప్పే కొలత) చైనుకి 4.8 మి.మీ. గుండ్రటి ఆకురాయి కావాలి. 14, 16 అంగుళాల చిన్న మిషన్ల మీద ఉండే సన్న చైనుకి 4 మి.మీ. షాపువాడు ఏదో ఒకటి చేతిలో పెట్టి "అన్నిటికీ ఇదే సార్" అంటాడు, నమ్మకండి. లావు ఆకురాయి పన్ను గొంతులోకి దిగదు, సన్నది మరీ లోపలికి తొలిచి పన్నుని కొక్కెంలా చేస్తుంది, అలాంటి పన్ను ఒక పూట బ్రహ్మాండంగా కోసి మర్నాటికి విరుగుతుంది.

పట్టే ముందు ఇంజను ఆపి ప్లగ్గు క్యాప్ పీకేయండి. ఇది నేను ఊరికే చెప్పట్లేదు, చైను మీద వేళ్లు పెట్టే ప్రతిసారీ ఇదే మొదటి పని. తర్వాత బారుని కదలకుండా బిగించాలి. మా అడితిలో ఒక తుమ్మ మొద్దుకి నెర్రె కొట్టి ఉంచాం, అందులో బారు దూర్చి చిన్న చీల కొడితే వైస్ అవసరం లేదు. మొత్తం పళ్లలో బాగా పొట్టిదైన పన్ను ఏదో వెతికి దానికి మార్కర్‌తో చుక్క పెట్టండి, మిగతావన్నీ దాని పొడవుకే రావాలి. ఆకురాయిని రెండు చేతులతో పట్టుకుని పన్ను లోపలి వైపు నుంచి బయటికి, 30 డిగ్రీల వాలులో తోయాలి, మీ చైనుకి 25 అని ఉంటే 25. ఆ వాలు గీత చాలా పళ్ల మీద చెక్కే ఉంటుంది. ఆకురాయి మందంలో ఐదో వంతు పన్ను అంచుకి పైన కనిపించాలి, పూర్తిగా లోపలికి దిగిపోకూడదు. ముందుకి తోసినప్పుడే ఒత్తిడి, వెనక్కి వచ్చేటప్పుడు ఎత్తి తేవాలి. చాలామంది ఇక్కడే గరగరా ముందుకీ వెనక్కీ లాగేస్తారు, దాంతో చైనుకంటే ముందు ఆకురాయే మొద్దుబారుతుంది. పన్నుకి రెండో మూడో తోపులు చాలు. ఎన్ని తోశారో అన్ని పళ్లకీ అన్నే తోయండి. ఒక వరస పళ్లన్నీ అయ్యాక మిషన్ని తిప్పుకుని రెండో వరస. బారు గాడిలో నడిచే లింకులు 86 ఉన్న చైనుకి 43 పళ్లుంటాయి, చెయ్యి తిరిగితే పావుగంట పని.

పన్ను అంచు మీద వెలుతురు పడేలా పట్టుకుని చూడండి. మొద్దుబారిన అంచు వెండి దారంలా తళుక్కుమంటుంది, ఎందుకంటే అక్కడ వెలుగు తిరిగి కొట్టేంత చదును ఏర్పడింది. నిజంగా పదునైన అంచుకి మెరుపుండదు, గీతే కనపడదు. ఆ మెరుపు పోయేదాకా పట్టాలి. నేనైతే సెల్ టార్చి వేసి చూస్తాను, బాబాయి బీడీ వెలుతురులో కూడా చెప్పేసేవాడు.

కోత పక్కకి వంకర పోతోందంటే ఒక వైపు పళ్లు పొట్టిగా ఉన్నాయని, లేదా ఆ వైపు సరిగ్గా పట్టలేదని. కుడిచేతి వాటం వాళ్లందరికీ ఒక వరస బాగా కుదురుతుంది, రెండోది కుదరదు. అలా వంకర పోతున్నప్పుడు మాత్రం కుదరని వైపుకి ఒక తోపు ఎక్కువ వేసి సరిచేసుకోవాలి.

నాలుగైదు సార్లు సాన పట్టాక ఇంకోటి చూడాలి. ప్రతి పన్ను ముందూ ఒక చిన్న బొడిపె ఉంటుంది, డెప్త్ గేజు అంటారు, పన్ను ఎంత లోతుకి కొరకాలో అదే చెప్తుంది. పన్ను అరిగి కిందికి దిగుతూ ఉంటుంది, బొడిపె మాత్రం అదే ఎత్తులో నిలబడి ఉంటుంది, ఇక పన్ను చెక్కని తాకదు. పళ్లన్నీ కత్తుల్లా ఉన్నా కొయ్యట్లేదంటే కారణం ఇదే. గేజు రేకు పెట్టి బల్లపరుపు ఆకురాయితో రాయాలి, పన్ను అంచుకంటే 0.65 మి.మీ. కిందికి ఉండాలి. కంటి అంచనాతో ఎక్కువ రాసేస్తే చైను పెద్ద పెద్ద ముక్కలు కొరికి చేతులు అదిరిపోతాయి, మిషను మీదికి తన్నే ప్రమాదం కూడా పెరుగుతుంది. రేకు ఖరీదు పెద్దగా ఉండదు, కొనండి.

పదును పోకుండా కాపాడుకోవడం సానకంటే తేలిక. ట్రాక్టరుతో ఈడ్చుకొచ్చిన దుంగ బెరడు నిండా ఇసుక, ఎర్రమట్టి ఉంటాయి. కోసే చోట గొడ్డలి మడమతో బెరడు రాలగొట్టండి, లేదా చీపురుతోనైనా దులపండి. దుంగని నేల మీద పెట్టి కోస్తే ఆఖర్న చైను నేలని ముద్దుపెట్టుకుంటుంది, ఒక్క సెకను చాలు, పావుగంట సాన పోయినట్టే. అడ్డకట్టెల మీద పెట్టండి, లేకపోతే ముప్పావు వంతు కోసి దొర్లించి మిగతాది కోయండి. గట్ల మీది చెట్లయితే ముందు చేత్తో తడిమి చూడాలి, వాటికి ముళ్లతీగ కట్టి, మేకులు కొట్టి ఎప్పుడో మర్చిపోయి ఉంటారు. తాడి మొద్దులకి నేను ఒప్పుకోను, నార పొట్టు కవరు లోపల కుక్కుకుపోయి చైనుని తిప్పే పళ్ల చక్రం, అదే స్ప్రాకెట్‌నే బిగించేస్తుంది. జామాయిల్ బెరడుతోనూ ఇదే గొడవ, అది కోసిన రోజు సాయంత్రం పక్క కవరు తప్పకుండా విప్పాలి.

కవరు విప్పారు కాబట్టి ఆ పని కూడా చూసేద్దాం. ఎండిపోయి గట్టిపడిన పొట్టూ ఆయిలూ కలిసిన ముద్దని పాత పెయింటు బ్రష్షుతో గీకి తీయండి. బారు గాడిలో ఉన్న మడ్డిని సన్న రేకుతో లాగండి. బారు మొదట్లో ఆయిలు వచ్చే చిన్న రంధ్రం ఉంటుంది, దాన్ని సూదితో పొడవాలి, అది మూసుకుపోతే ట్యాంకు నిండా ఆయిలున్నా చైనుకి ఒక్క చుక్క అందదు. బారుని ప్రతిసారీ తిరగేసి బిగించండి, నిన్న కింద ఉన్న అంచు ఇవాళ పైకి. కోత బరువంతా కింది అంచు మీదే కదా పడేది, తిరగెయ్యకపోతే ఒకవైపే అరిగి చైను వాలిపోతుంది. అంచుల వెంట బ్లేడులా లేచిన ఇనుముని బల్లపరుపు ఆకురాయితో దించేయాలి, లేకపోతే వేళ్లు కోసుకుపోతాయి. ముక్కు దగ్గర గ్రీజు రంధ్రం ఉన్న బారైతే నల్ల గ్రీజు బయటికొచ్చే దాకా కొత్తది కొట్టండి.

ఇక చైను బిగింపు. నట్లు కాస్త వదులు చేసి, బారు ముక్కుని చేత్తో పైకెత్తి పట్టుకుని స్క్రూ తిప్పాలి. ముక్కు ఎత్తకుండా బిగిస్తే నాలుగు కోతలకే మళ్లీ వేలాడుతుంది. చైను బారు కింది అంచుకి అంటాలి, కానీ గ్లవ్ వేసుకున్న చేత్తో లాగితే సులువుగా తిరగాలి. ముక్కు ఎత్తే పట్టుకుని నట్లు బిగించండి. ఇదంతా చల్లగా ఉన్నప్పుడు చేసేది. వేడి మీద చైను సాగుతుంది, మధ్యాహ్నం వదులైందని బిగిస్తారు, అది పొరపాటేం కాదు, కానీ పని అయిపోగానే మళ్లీ వదులు చెయ్యాలి. అలాగే వదిలేస్తే రాత్రి చల్లారి ముడుచుకుని బారునీ క్రాంకునీ కలిపి లాగుతుంది. కొత్త చైనైతే మొదటి రోజు గంటకోసారి చూసుకోవాల్సిందే.

చైను ఆయిలు దగ్గర మనవాళ్లు చేసే పొదుపు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ట్రాక్టర్లోంచి తీసిన నల్లటి వేస్ట్ ఆయిల్ పోస్తారు. అందులో ఉండేది ఇనుప రజను, అది ఆయిల్ పంపునీ బారునీ ఆకురాయిలా రాస్తుంది, పైగా కోస్తున్నంతసేపూ అది మన చేతుల మీదా మొహం మీదా చిమ్ముతుంది. అసలైన బార్ ఆయిలు జిగటగా చైనుకి అంటుకుని ఉంటుంది. అది దొరకని రోజు కొత్త ఇంజనాయిలు పోయండి, పాతది మాత్రం వద్దు. ఆయిలు వస్తోందో లేదో చూడటానికి బారు ముక్కుని తెల్లగా కోసిన మొద్దుకి జానెడు దూరంలో పట్టి రేస్ ఇవ్వండి, సన్నటి ఆయిలు గీత పడాలి. పెట్రోలు ట్యాంకు ఒకటి అయ్యేసరికి ఆయిలు ట్యాంకు కూడా దాదాపు ఖాళీ కావాలి. పెట్రోలు అయిపోయి ఆయిలు సగం మిగిలిందంటే ఎక్కడో అడ్డుపడింది. రెండూ ఒకేసారి నింపే అలవాటు చేసుకుంటే మర్చిపోరు.

ఇప్పుడు పెట్రోలు. ఇది రాయడానికి నాకే సిగ్గు. రెండో మిషను చచ్చింది పొట్టుతో కాదు, క్యానుతో. బైకు కోసం తెచ్చిన ఉత్త పెట్రోలు క్యాను, ఆయిలు కలిపిన క్యాను రెండూ ఒకే రంగు, పక్కపక్కనే పెట్టాను. కుర్రాడు తొందరలో ఉత్తది పోశాడు. ఒకటిన్నర దుంగ కోశాక మిషను గొంతు మారింది, సన్నగా కీచుమని లేచి ఒక్కసారిగా ఆగిపోయింది. తాడు లాగితే రాలేదు. సైలెన్సర్ విప్పి చూస్తే పిస్టన్ మీద నిలువునా గీతలు. టూ స్ట్రోక్ ఇంజనుకి వేరే ఆయిలు గది ఉండదు, పెట్రోల్లో మనం కలిపిందే దాని ప్రాణం. వాణ్ణి తిట్టాను కానీ తప్పు నాది. అప్పట్నుంచి కలిపిన క్యాను మెడకి ఎర్రగుడ్డ కట్టి ఉంటుంది, ఉత్తది అసలు కోత దగ్గరికే రాదు.

మంచి టూ స్ట్రోక్ ఆయిలు అయితే చాలా మిషన్లకి 50 కి 1, అంటే లీటరుకి 20 మి.లీ. కొన్ని మిషన్ల పుస్తకాల్లో 25 కి 1 అని ఉంటుంది, అప్పుడు 40 మి.లీ. మీ పుస్తకంలో ఏది ఉంటే అదే. మూతతో, కళ్లతో కొలవద్దు, మెడికల్ షాపులో సిరంజి కొనుక్కోండి. ముందు సగం పెట్రోలు, ఆయిలు పోసి బాగా గిలక్కొట్టి తర్వాత మిగతా పెట్రోలు. ట్యాంకులో పోసే ప్రతిసారీ క్యాను ఇంకోసారి ఊపాలి. ఇంకో ముఖ్యమైన విషయం, ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు, అది గాల్లో తేమని పీల్చుకుంటుంది. నీళ్లెక్కువైతే ఇథనాల్, నీళ్లు కలిసి అడుక్కి దిగుతాయి, ట్యాంకు అడుగునుంచే కదా ఇంజను తాగేది. అందుకే నెల దాటిన మిక్స్ మిషన్లో పోయను, వారానికి సరిపడా మాత్రమే కలుపుతాను. వేడి ఇంజనులో పెట్రోలు పోయకండి, పోసిన చోటే స్టార్ట్ చేయకండి, ఓ మూడు మీటర్లు అవతలికి తీసుకెళ్లి తాడు లాగండి. చుట్టూ ఎండిన కట్టె, పొట్టు ఉన్న చోట ఇది చాదస్తం కాదు.

ఎయిర్ ఫిల్టర్ రోజూ తీసి దులపాలి. తీసే ముందు చోక్ మూయండి, లేకపోతే దులిపిన పొట్టు నేరుగా కార్బొరేటర్లో పడుతుంది. మరీ మురికైతే గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు చాలు, కానీ పూర్తిగా ఆరాకే పెట్టాలి. కంప్రెసరు గాలి కొట్టేవాళ్లు లోపల్నుంచి బయటికి, దూరం నుంచి కొట్టండి. నేను ఒకసారి బయటినుంచి కొట్టి జాలీకి చిల్లు పెట్టాను, అది పది రోజుల దాకా కనిపెట్టలేదు. వారానికోసారి స్టార్టర్ కవరు విప్పి సిలిండర్ రెక్కల మధ్య ఇరుక్కున్న పొట్టు బ్రష్షుతో తీయండి. ఈ ఇంజను చల్లబడేది గాలితోనే, రెక్కలు మూసుకుపోతే ఎండాకాలం మన ఊళ్లో దానికి దిక్కులేదు.

ప్లగ్గు విప్పితే దాని రంగే చెప్తుంది. కాఫీ రంగులో ఉంటే అంతా బాగున్నట్టు, నల్లగా తడిగా ఉంటే ఆయిలు ఎక్కువైంది లేదా ఫిల్టర్ మూసుకుంది, తెల్లగా కాలినట్టుంటే పెట్రోలు సరిగ్గా అందక ఇంజను ఉడుకుతోంది, అప్పుడు ట్యాంకులోని ఫిల్టర్‌ని తీగ కొక్కెంతో పైకి లాగి మార్చండి. గ్యాపు 0.5 మి.మీ. దగ్గర ఉండాలి. దాదాపు 100 గంటల పనికి కొత్త ప్లగ్గు వేసేస్తే గోల ఉండదు.

రేస్ వదిలేసినా చైను తిరుగుతూనే ఉంటే అది ప్రమాదం, ఐడిల్ స్క్రూ తగ్గించండి. తగ్గించినా తిరిగితే క్లచ్ స్ప్రింగు పోయినట్టు. క్లచ్ సొంతంగా విప్పేవాళ్లకి ఒక మాట, దానిది ఎడమ మర, మామూలుగా బిగించే వైపు తిప్పితేనే ఊడుతుంది, ఇది తెలియక సుత్తితో బాదినవాళ్లు చాలామంది. కార్బొరేటర్ మీద హెచ్ అని ఉండే స్క్రూ జోలికి మాత్రం వెళ్లకండి. రేస్ పెరుగుతుందని అది బిగించి ఇంజన్లు కాల్చుకున్నవాళ్లు మా సెంటర్లోనే ఉన్నారు. స్ప్రాకెట్ మీద చైను అరగదీసిన గాళ్ల లోతు అర మి.మీ. దాటితే మార్చేయాలి. రెండు చైన్లకి ఒక స్ప్రాకెట్ అని లెక్క పెట్టుకోండి, అరిగిన స్ప్రాకెట్ మీద కొత్త చైను వేస్తే డబ్బు దండగ. పొద్దున్నే మొదటి కోతకి ముందు చైను బ్రేకు కూడా ఒకసారి కొట్టి చూడండి, ముందు గార్డుని తోయగానే చైను టక్కున ఆగాలి.

ఎండాకాలం వచ్చి బ్యారన్లు చల్లారాక మిషనుకి ఆరేడు నెలలు పనుండదు. చాలా మిషన్లు చచ్చేది అప్పుడే, మూల పడి ఉండగా. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా వంచేసి, స్టార్ట్ చేసి, దానంతటదే ఆగేదాకా వదిలేయండి, కార్బొరేటర్లో చుక్క మిగలకూడదు. మిగిలితే వానాకాలం వెళ్లేసరికి జిగురై సన్న రంధ్రాలు మూస్తుంది, లోపలి పల్చటి రబ్బరు పొర బిరుసెక్కుతుంది. ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో చెంచాడు టూ స్ట్రోక్ ఆయిలు పోసి, తాడు నెమ్మదిగా రెండు మూడు సార్లు లాగి ప్లగ్గు పెట్టేయండి. చైను విప్పి బ్రష్షుతో కడిగి, మూతున్న డబ్బాలో ఆయిలు పోసి ముంచి ఉంచితే తుప్పు పట్టదు. ఇక మిషన్ని గోనెసంచిలో కట్టి దూలానికి వేలాడదీయండి, నేల మీద మాత్రం వద్దు. మా షెడ్డులో ఎలుకలకి పెట్రోలు పైపు రబ్బరు మీద ఏం మోజో తెలియదు, పోయినేడు పక్కన మూట కట్టి ఉన్న జొన్నల్ని వదిలేసి అదే కొరికాయి.